జానెడు అరుగు

పేరులోనే ఉరుకు ఉంది ఉరుకుందుకు,
కంప్యూటరులో లేదు.
ఆదోని పత్తి యార్డులో కాటా గుమాస్తా.
సీజను చివరి పత్తి, బయట నలభై ట్రాక్టర్లు,
తెర మీద గుండ్రం మాత్రం
గానుగెద్దు మాదిరి తిరుగుతూనే ఉంది.
"మేడమ్, కొత్త ప్రాసెసర్ ఏసియ్యండి,
అన్నిటికంటే పెద్దది. ఎంతయినా సరే."
ఎంతయినా సరే అన్నవాళ్లెవరూ
ఎంతో చెప్పినాక సరే అనరు.
పదమూడేళ్లుగా స్క్రూడ్రైవరు పట్టిన ఖాజాబీని,
నాకు తెలీదా!

పెట్టె విప్పకముందే అతన్ని వాకిట్లోకి పిల్చుకపోయినాను.
సూడప్పా, నీ హమాలీలు నలుగురు.
నీ ప్రాసెసర్‌లోనూ నలుగురే.
వీళ్ల ఐలేసా ఉంది సూడు, అదే దాని గడియారం,
సెకనుకు మూడు వందల కోట్ల ఐలేసాలు.
గొంతు తొందరపడితే బస్తా లేస్తుందా?
ఒకడు దించుతా, ఒకడు మోస్తా,
ఒకడు కాటాకెత్తుతా, ఒకడు పేరుస్తా ఉంటే
నాలుగు బస్తాలు ఒకేసారి నడుస్తాయి.
ఆ నలుగురిలో ఒక్కొక్కడి లోపలా
ఇట్లాంటి వరుసే ఇంకొకటుంది.
వరుసను నిలబెట్టినోడి కన్ను
మోసేవాడి కండకంటే పెద్దది.

ఇంకా ఉంది.
మీ టీ పిల్లోడు సుభాన్,
ఎవరికి చక్కెర వద్దో, ఎవరు రెండోది అడుగుతారో
మొగం చూసి ముందే పోస్తాడు గదా.
తప్పిందా, గ్లాసు కాలువలో పారబోసి
మళ్లీ మొదలు.
ప్రాసెసరూ అంతే, నువ్వు అడగకముందే ఊహించి పోస్తుంది,
పారబోసిన చప్పుడు మనకు వినపడదు.

"మరి యాడ ఆగింది మేడమ్?"

అరుగు కాడ.
కాటా పక్కన ఆ నాపరాయి అరుగు,
నాలుగు బస్తాలకే నిండిపాయె.
ఐదోది దించాలంటే ఒకటి లేపి గోడౌనుకు పంపాల.
గోడౌను రైలు కట్టకు అవతల.
గేటు పడిందా, ఇంక చెప్పేదేముంది.
నీ మెమరీ నాలుగు జీబీ.
దాని మీద బిల్లుల సాఫ్ట్‌వేరు,
పంతొమ్మిది పేజీలు తెరిచిన బ్రౌజరు,
ఎవరన్నా వస్తే మూసేసే సీరియలొకటి.

అతను చెప్పుల వంక చూసుకున్నాడు.

బస్తా లేక హమాలీలు చేతులు కట్టుకోని నిలబడినారు.
కొత్త ప్రాసెసరంటే
ఇంకో నలుగుర్ని పిల్చి ఊరికే కూచోబెట్టడం.

జానెడు కూడా లేని పచ్చ ముక్క, ఎనిమిది జీబీ,
గాడిలో పెట్టి రెండు బొటనవేళ్లతో నొక్కితే
టక్కుమంది.
గుండ్రం ఆగింది. బిల్లు బయటికొచ్చింది.
ఉరుకుందు దాన్ని కళ్లకద్దుకున్నంత పని చేసినాడు.

ఇక్కడితో ఆపింటే నేను తెలివైనదాన్ని.
మూడోనాడు ఫోను:
"పొద్దున ఉరుకుతాంది మేడమ్,
పన్నెండు దాటితే కుంటుతాంది."

రేకుల గది. నలభై రెండు డిగ్రీలు.
నలుగురినీ లెక్కపెట్టినాను, అరుగూ కొలిచినాను,
ఎండను మరిచినాను.
ఫ్యాను విప్పితే పిడికెడు దూది,
ఏ చేనిదో,
కాటా ఎక్కనిది, రేటు పలకనిది,
లోపలికి మాత్రం వచ్చి కూచున్నది.
చిమ్మెటతో ఒక్కో పోగూ లాగుతుంటే
హమాలీల మేస్త్రీ నర్సప్ప తలుపుకు ఆనుకోని చూస్తున్నాడు.

"ఏడెక్కితే అదే నిదానిస్తాదా?"

అవునన్నా. కాలిపోకుండా.
లోపల అట్ల రాసిపెట్టింటారు.

తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.
బయట ఇరవై ట్రాక్టర్లు ఇంకా దిగాల.

"నిదానిస్తే కూలి కొయ్యరా?"

పిడికిట్లో దూది అట్లనే పట్టుకోని
ఏదో స్క్రూ కింద పడినట్టు
నేలంతా వెతికినాను.